ఒకే కొలత, ఒకే రేటు: ఒక బాల్సా షీటు 14 గ్రాములు, ఇంకొకటి 31. ఏది ఎక్కడ వాడాలి?

కావలి_గాలిపటం | ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా అబ్బాయి తొమ్మిదో తరగతికి వచ్చాడు. వేసవి సెలవుల్లో ఇద్దరం కూర్చుని 1200 మి.మీ. రెక్క ఉన్న రేడియో కంట్రోల్ ట్రైనర్ (ఎగరేయడం నేర్చుకునే విమానం) ఒకటి కట్టాం. మోటారు, సర్వోలు (తోక, రెక్కల పలకలను కదిపే చిన్న మోటార్లు), బ్యాటరీ అన్నీ ప్లానులో రాసినవే తెచ్చాం. బాల్సా కర్ర షీట్లు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను.

తీరా అన్నీ బిగించి సీజీ (విమానం తూకం కుదరాల్సిన చోటు) దగ్గర వేళ్ల మీద నిలబెడితే విమానం తోక మీద కూలబడింది. ముక్కులో సీసం పెడుతూ పోయాను. 120 గ్రాముల దగ్గర తూకం కుదిరింది. వలలకు కట్టే సీసం గుళ్లు కొట్టి చదును చేసి అతికించాను. నిన్న సాయంత్రం కోసిన వరిచేలో ఎగరేశాం. లేవడం లేచింది. మొదటి మలుపులోనే రెక్క పైకి వంగింది, వంగినట్టే వంగి ఫట్‌మని విరిగింది. అబ్బాయి ఒక్క మాట కూడా అనలేదు. ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకుని స్కూటర్ ఎక్కాడు. అరిచి ఏడ్చినా బాగుండేది.

ఇంటికొచ్చాక మిగిలిన షీట్లను వంటింటి త్రాసు మీద పెట్టి చూశాను. అన్నీ 1000 × 100 × 1.5 మి.మీ. షీట్లే. ఒకటి 14 గ్రాములు, ఒకటి 17, ఒకటి 22, ఒకటి 31! తోకకు వాడిన 5 మి.మీ. షీటు జత ఇంకొకటి ఉంది, అది 105 గ్రాములు. ప్యాకెట్ మీద అన్నింటికీ ఒకటే గ్రేడు. ఇందులో మోసం ఉందా, నా తెలివితక్కువతనం ఉందా?

పెన్నా_ఇసుక | ఆదివారం, రాత్రి 10:05

రెండోదే, ఏమీ అనుకోకండి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు చాలా ఏళ్లు కంట్రోల్ లైన్ (తీగ పట్టి చుట్టూ తిప్పే) విమానాలు కట్టించినవాడిని, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. బాల్సా అన్నది ఒక కర్ర పేరు మాత్రమే. మామిడిపండు అంటే ఎంత తెలుస్తుందో, బాల్సా అంటే అంతే తెలుస్తుంది. అదే తోటలో, అదే చెట్టులో ఘనపు మీటరుకు 80 కిలోలు తూగేదీ ఉంటుంది, 250 తూగేదీ ఉంటుంది. గ్రేడు ముద్రను నమ్మకండి, త్రాసును నమ్మండి.

లెక్క చిన్నది. మీ 5 మి.మీ. షీటు పొడవు 100 సెంటీమీటర్లు, వెడల్పు 10, మందం 0.5. గుణిస్తే 500 ఘన సెంటీమీటర్లు. 105 గ్రాములను 500తో భాగిస్తే 0.21. వెయ్యితో గుణిస్తే ఘనపు మీటరుకు 210 కిలోలు. తోకకు 100 చుట్టుపక్కల ఉండాలి. మీరు రెండింతల బరువు కట్టారు.

ఇక ఆ 1.5 మి.మీ. షీట్ల ఘనపరిమాణం 150. అంటే 14 గ్రాములది 93, 17 గ్రాములది 113, 22 గ్రాములది 147, 31 గ్రాములది 207. ఇంగ్లీషు ప్లానుల్లో ఘనపు అడుగుకు ఇన్ని పౌండ్లు అని రాస్తారు. దాన్ని 16తో గుణిస్తే మన లెక్క వస్తుంది. ఆరు పౌండ్ల బాల్సా అంటే సుమారు 96.

ఇప్పుడు ఒక ప్రశ్న. రెక్క స్పార్‌లను, అదే రెక్క పొడవునా బరువు మోసే బద్దలను, ఏ షీటు నుంచి కోశారు?

కావలి_గాలిపటం | ఆదివారం, రాత్రి 10:31

చెప్పడానికి సిగ్గుగా ఉంది సార్. అన్నిటికన్నా మెత్తటి షీటు నుంచి. కత్తి వెన్నలో దిగినట్టు దిగింది, కోత తిన్నగా వచ్చింది, మంచి కర్ర ఇదేననుకున్నాను. గట్టిది తోకకు పెడదామన్నది అబ్బాయి ఆలోచన. దిగేటప్పుడు తోక నేలకు రాసుకుంటుంది కదా నాన్నా అన్నాడు. సబబుగానే తోచింది.

పెన్నా_ఇసుక | ఆదివారం, రాత్రి 10:50

అబ్బాయిని తప్పు పట్టకండి, వాడు కారణం ఆలోచించాడు. కారణం కూడా తప్పేమీ కాదు. వాడికి తెలియనిది తూనికకోల సంగతి. ఈ రకం విమానంలో సీజీ నుంచి తోక 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, ముక్కు 20 సెంటీమీటర్లలో ఉంటుంది. తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో మూడు గ్రాములు పెట్టాలి. మీ అడ్డతోక, నిలువుతోక కలిపి దాదాపు 390 ఘన సెంటీమీటర్లు అనుకుందాం. 210 బాల్సాతో 82 గ్రాములు, 100 బాల్సాతో 39. తేడా 43. దాన్ని మూడుతో గుణిస్తే 129. మీరు అతికించిన సీసం ఎంతన్నారు?

కావలి_గాలిపటం | ఆదివారం, రాత్రి 10:58

120!

ఇప్పుడే అబ్బాయిని లేపి చూపించాను. నిద్రకళ్లతోనే కాగితం మీద మళ్లీ గుణించి చూసుకుని పడుకున్నాడు.

ఒంగోలు_థర్మాకోల్ | సోమవారం, ఉదయం 7:15

ఇంత లెక్కలెందుకండీ. ఫోమ్ షీటు తీసుకోండి, గంటన్నరలో విమానం తయారు, పడితే టేపు వేసి మళ్లీ ఎగరేయండి. మొదటి విమానం బాల్సాతో కట్టించడమంటే పిల్లవాడికి సైకిలు నేర్పడానికి గుర్రం కొనివ్వడం.

పెన్నా_ఇసుక | సోమవారం, ఉదయం 7:40

ఎగరడం నేర్చుకోవడానికి ఫోమే మంచిది, ఒప్పుకుంటాను. ఈయన అడిగింది కట్టడం గురించి.

ఉదయగిరి_చెక్క | సోమవారం, మధ్యాహ్నం 1:10

పెద్దాయన బరువు గురించి చెప్పారు. అది సగం సంగతి. మిగతా సగం కోతలో ఉంది, అది చెప్పకపోతే మళ్లీ విరుగుతుంది. మా ఇంట్లో తాతల నాటి నుంచి చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. మా ఊరి పని అదే. మా నర్ది కర్రకూ మీ బాల్సాకూ బరువులో పోలికే లేదు గాని, కర్ర కర్రే. దుంగను ఏ వైపు నుంచి కోశారన్న దాన్ని బట్టి ఒకే దుంగ రెండు రకాల చెక్కనిస్తుంది.

షీటు కొసను వెలుతురులో పట్టుకుని చూడండి. దుంగ వలయాల గీతలు షీటు ముఖానికి సమాంతరంగా పడుకుని ఉంటే దాన్ని మోడల్ వాళ్లు ఎ-గ్రెయిన్ అంటారు. ముఖం మీద పొడవాటి గీతలు కనిపిస్తాయి. వెడల్పు వైపు వంచితే అరటాకు దొప్పలా గుండ్రంగా తిరుగుతుంది. రెక్క ముందుభాగానికి చుట్టే తొడుగుకు, గొట్టాలకు ఇదే కావాలి.

అవే గీతలు షీటు ముఖానికి నిలువుగా నిలబడి ఉంటే అది సి-గ్రెయిన్. దీన్ని గుర్తుపట్టడానికి కొస కూడా చూడనక్కర్లేదు. ముఖం మీద చేప పొలుసుల్లాంటి మచ్చలు ఉంటాయి, షీటును అటూ ఇటూ తిప్పితే తళుక్కుమంటాయి. ఇది వెడల్పు వైపు వంగనే వంగదు, పట్టుబట్టి వంచితే చీలిపోతుంది. కాని పలకలా బిర్రుగా ఉంటుంది, తేలిగ్గా మెలి తిరగదు. రిబ్బులకు, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డపలకలకు, చదునైన తోకకు ఇదే. ఈ రెంటికీ మధ్య అడ్డదిడ్డంగా వచ్చేది బి-గ్రెయిన్. బాడీ పక్కపలకలు వగైరాలకు సరిపోతుంది.

మీ విరిగిన ముక్కల్లో ఒకటి ఫొటో పెట్టండి.

కావలి_గాలిపటం | సోమవారం, రాత్రి 8:45

ఫొటో పెట్టాను. ఇంకో సంగతి కూడా బయటపడింది. రెక్క ముందు తొడుగు వంచుతుంటే రెండు చోట్ల చీలింది, అప్పుడు జిగురు పోసి సర్దేశాను. ఇవాళ చూస్తే దాని నిండా మీరన్న చేప పొలుసులే! రిబ్బులేమో వేలితో నొక్కితే దొప్పలా వంగుతున్నాయి. మొత్తం తలకిందులుగా కట్టాం.

ఉదయగిరి_చెక్క | సోమవారం, రాత్రి 9:02

ఫొటో చూశాను. స్పార్ విరిగిన చోట నార లేచి లేదు, సుద్దముక్కలా తెగింది. కర్ర మరీ మెత్తన, పైగా నార వాలుగా నడిచింది. స్పార్‌లో నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా పోవాలి. కొనేటప్పుడే గోరుతో గీసి చూస్తే నార ఎటు పోతోందో తెలుస్తుంది.

చీమకుర్తి_విద్యార్థి | సోమవారం, రాత్రి 9:30

అన్నలకు నమస్కారం. బాల్సా ఖరీదు చూస్తే భయమేస్తోంది. పెళ్లి బాసికాలు చేసే జీలుగ బెండు ఇంకా తేలిక కదా, దానితో విమానం కట్టకూడదా? లేదంటే బూరుగ కర్ర?

సింగరాయకొండ_టీచర్ | సోమవారం, రాత్రి 10:10

మంచి ప్రశ్న. నేను వృక్షశాస్త్రం చెబుతాను, విమానాలు మా వారి పిచ్చి. జీలుగ బెండు బాల్సా కన్నా తేలికే. అయితే బాల్సాలో ఉన్నట్టు పొడవాటి బలమైన నార అందులో లేదు. నొక్కితే నొక్కుకుంటుంది, లాగితే తెగుతుంది. బాసికానికి, గాలపు బెండుకు అది చాలు. విమానంలో రెక్క కొసన గుండ్రటి ముక్కగానో, పైలట్ బొమ్మ తలకాయగానో పెట్టుకోవచ్చు. బరువు మోసే చోట వద్దు.

బూరుగ సంగతి ఆసక్తికరం. బాల్సా, బూరుగ ఒకే కుటుంబం. బాల్సా కాయ పగిలితే లోపల బూరుగ దూదిలాంటి దూదే ఉంటుంది. పత్తి, బెండ, గోంగూర కూడా ఆ కుటుంబంలోవే. కాని బూరుగ కర్ర మామూలు బాల్సా కన్నా రెండింతలకు పైగా బరువు. తేలికైన చుట్టమే గాని, ఎగిరేంత తేలిక కాదు.

బాల్సా మధ్య, దక్షిణ అమెరికాల చెట్టు. ప్రపంచానికి వచ్చేదాంట్లో అత్యధిక భాగం ఈక్వడార్ నుంచే. ఆరేడేళ్లకే నరికేంత వేగంగా పెరుగుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు నీళ్లతో బరువుగా ఉంటుంది, బట్టీలో ఆరబెట్టాకే ఈ తేలిక వస్తుంది. మానులో కూడా నడిమధ్య తేలిక, బయటికి వచ్చేకొద్దీ బరువు పెరుగుతుంది. ఒకే చెట్టులో 14 గ్రాముల షీటూ 31 గ్రాముల షీటూ వచ్చేది అందుకే. ఖరీదు అంటారా, గాలిమరల రెక్కల లోపల కూడా ఈ కర్రే వాడతారు. 2020 ప్రాంతంలో చైనా గాలిమరల కోసం ఎగబడి కొనేసరికి ధర ఆకాశానికి వెళ్లింది.

పెన్నా_ఇసుక | సోమవారం, రాత్రి 10:25

బెండకాయ చుట్టమని ఇప్పుడే తెలిసింది మేడమ్. ఇన్నాళ్లూ నేను బాల్సాను బెండకాయలాగే ఎంచాను. మార్కెట్లో బెండకాయ కొస విరిచి చూస్తాం చూడండి, అలా.

వెనక ఒకసారి నెల్లూరు నుంచి రైలెక్కి మద్రాసు వెళ్లి, సంచిలో త్రాసు పెట్టుకుని మోడల్ సామాన్ల దుకాణానికి వెళ్లాను. ఒక్కో షీటూ తూచి, పెన్సిలుతో కొసన బరువు రాసి, అంచు కంటి దగ్గర పెట్టుకుని వంకర ఉందేమో చూసి, నలభైలో తొమ్మిది ఎంచాను. యజమాని పళ్లు కొరుకుతున్నాడు. చివరికి మిగిలిన ముప్పై ఒక్కటి మీద కూడా నేను బరువులు రాసిపెట్టానని చూసి, టీ తెప్పించాడు.

కావలి_గాలిపటం | మంగళవారం, ఉదయం 6:50

మేం ఆన్‌లైన్ వాళ్లం కదా సార్, ఎంచుకునే వీలెక్కడ?

పెన్నా_ఇసుక | మంగళవారం, ఉదయం 7:20

కావలసిన వాటికన్నా నాలుగు ఎక్కువ తెప్పించుకోండి. వచ్చాక మీ ఇంట్లోనే ఎంచండి. కొందరు అమ్మేవాళ్లు అడిగితే తూచి పంపుతారు, అడగడానికి మొహమాటం వద్దు. రాగానే మందం కూడా వెర్నియర్ కాలిపర్స్‌తో చూడండి. 1.5 అని రాసి 1.7 ఉంటే లెక్కంతా తప్పుతుంది, బరువైన కర్ర అనుకుని మంచి కర్రను పక్కన పడేస్తారు. ఒకే షీటులో ఒక అంచు మెత్తగా, ఒక అంచు గట్టిగా ఉండడం కూడా మామూలే. రెండంచులూ గోరుతో నొక్కి చూడండి.

ఇప్పుడు మీ దగ్గరున్న వాటికే పని పంచుదాం. 14 గ్రాములది ఎ-గ్రెయిన్ అయితే రెక్క ముందు తొడుగు. 17 గ్రాములది సి-గ్రెయిన్ అయితే రిబ్బులు. 22 గ్రాములది స్పార్‌ల మధ్య నిలువు పలకలకు, నార నిలువుగా వచ్చేట్టు కోయాలి సుమా, అడ్డంగా కాదు. తోకకు కొత్తగా 5 మి.మీ. షీటు కొనండి, 50 గ్రాములకు మించకూడదు, చేప పొలుసులు ఉండాలి. బాడీ పక్కపలకలకు 3 మి.మీ. షీట్లు రెండు కావాలి. ఆ రెండూ కాస్త బరువున్నా ఫర్వాలేదు గాని, ఒకదానికొకటి కవలల్లా ఉండాలి. ఒకటి మెత్తన, ఒకటి గట్టిదైతే తోక దగ్గరికి లాగి అతికించేటప్పుడు బాడీ అరటిపండులా వంకర తిరుగుతుంది.

ఇక స్పార్. ఆ 105 గ్రాముల షీటు పారేయలేదు కదా?

కావలి_గాలిపటం | మంగళవారం, ఉదయం 7:31

పొయ్యిలో పెడదామనుకున్నా.

పెన్నా_ఇసుక | మంగళవారం, ఉదయం 7:36

ఆగండి! దాని నుంచి 5 మి.మీ. చదరపు బద్దలు ఎనిమిది కోయండి. అదే మీ స్పార్.

ఉదయగిరి_చెక్క | మంగళవారం, ఉదయం 8:15

ఒక్క మాట సార్. స్పార్‌కు బాల్సా ఎందుకు, దేవదారు లాంటి గట్టి కర్ర సన్నగా చీల్చి పెట్టుకోవచ్చు కదా. అంతే బరువులో బలం ఎక్కువ.

పెన్నా_ఇసుక | మంగళవారం, ఉదయం 8:40

పెద్ద విమానానికైతే మీ మాటే నెగ్గుతుంది. ఈ సైజు ట్రైనర్‌కు గట్టి బాల్సా చాలు, జిగురు కూడా చక్కగా పీల్చుకుంటుంది. అయినా మీ చేతిలో కర్ర చీల్చే నేర్పు ఉంది, ఆయన చేతిలో ఇంకా లేదు. నార పక్కకు పోయిన దేవదారు కన్నా తిన్నటి బాల్సా మేలు.

బద్దలు కోశాక జతలు కట్టాలి. బల్ల అంచున బద్దను బిగించి 300 మి.మీ. బయటికి వదిలి, కొసన 50 గ్రాముల బరువు దారంతో వేలాడదీయండి. ఎంత దిగిందో స్కేలుతో కొలిచి బద్ద మీద రాయండి. దగ్గర దగ్గరగా దిగినవి కుడి రెక్కకూ ఎడమ రెక్కకూ ఒకే స్థానంలో పెట్టాలి. కుడి రెక్క బిర్రుగా, ఎడమ రెక్క మెత్తగా ఉంటే వేగం అందుకున్నప్పుడు విమానం దానంతటదే పక్కకు పొర్లుతుంది. జతల్లో తక్కువ దిగిన జతను పైవైపు పెట్టండి. ఎగిరేటప్పుడు పై స్పార్ నలుగుతుంది, కింది స్పార్ సాగుతుంది. బాల్సా సాగుడు కన్నా నలుగుడుకు ముందు లొంగుతుంది.

కొత్తపట్నం_తెప్ప | మంగళవారం, రాత్రి 9:05

ఇన్ని పోస్టులు చదివి ఒక సంగతి చెప్పాలనిపించింది. స్పానిష్‌లో బాల్సా అంటే తెప్ప అని అర్థం. ఆ దేశాల వాళ్లు ఈ దుంగలే కట్టి సముద్రంలోకి వెళ్లేవారు. 1947లో థోర్ హెయర్‌డాల్ అనే నార్వే ఆయన బాల్సా తెప్ప మీద పెరూ నుంచి బయల్దేరి 101 రోజులు పసిఫిక్‌లో ప్రయాణించి పాలినేషియా దీవులు చేరాడు. మా తాత తెప్ప కూడా తేలిక దుంగలను తాడుతో కట్టిందే. వేటకు వెళ్లి వచ్చాక దుంగలు విప్పి ఇసుకలో ఆరబెట్టేవారు. ఆరని దుంగ మర్నాడు నీళ్లలో కుంగుతుంది అనేవాడు.

దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, మా సముద్రపు గాలికి బాల్సా కూడా అంతే. రోహిణి కార్తెలో 40 గ్రాములు తూగిన 3 మి.మీ. షీటు, కార్తీకం ముసురులో తీసి తూస్తే 43 ఉంది. అదే షీటు, అదే త్రాసు. కావలి కూడా సముద్రానికి దగ్గరే కదా. వానల్లో తూచినప్పుడు ఆ రెండు మూడు గ్రాములకు షీటును తిట్టకండి. గోడకు ఆనించి నిలబెట్టకండి, వంగిపోతుంది. మంచం కింద చదునుగా పరిచి పైన బరువు పెట్టండి. కింద ఇటుకలు పెట్టి కాస్త ఎత్తున, చెద తగలకుండా.

చీమకుర్తి_విద్యార్థి | మంగళవారం, రాత్రి 9:40

బరువుకు మా ఊరి గ్రానైట్ పలక ముక్క పెట్టుకోవచ్చు అన్నా, అద్దంలా చదునుగా ఉంటుంది. విమానం కట్టే బల్లగా కూడా అదే వాడుతున్నాను. రెక్క దాని మీద అతికిస్తే మెలి తిరగడం లేదు. గుండుసూది దిగదు, అదొక్కటే చిక్కు.

సింగరాయకొండ_టీచర్ | మంగళవారం, రాత్రి 10:00

ఆ చిక్కుకు మందంగా అట్టముక్క పరుచుకో నాయనా. ఇంకొకటి, గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి అందరూ. బాల్సా పొడి చాలా సన్నం. మా వారు పట్టించుకోకుండా వారం రోజులు దగ్గారు.

కావలి_గాలిపటం | బుధవారం, రాత్రి 8:30

కోత మొదలెట్టాం. రెండు సందేహాలు. 14 గ్రాముల షీటు కోస్తుంటే అంచు నలిగిపోతోంది. తొడుగు వంచడానికి నీళ్లు పెట్టవచ్చా?

ఉదయగిరి_చెక్క | బుధవారం, రాత్రి 8:55

బ్లేడు మార్చండి. గట్టి కర్ర మొండి బ్లేడును ఓర్చుకుంటుంది, మెత్తటి కర్ర ఓర్చుకోదు. కోసుడు ఒకేసారి కాకుండా మూడు నాలుగు తేలిక గీతల్లో. స్టీలు స్కేలును దాచుకునే ముక్క మీద ఆనించండి, పారేసే ముక్క వైపు కత్తి జారినా నష్టం లేదు.

నీళ్లు పెట్టవచ్చు. గోరువెచ్చటి నీటిలో తడిపిన గుడ్డతో బయటి వైపు మాత్రమే తుడవండి, తడిసిన వైపు సాగి తనంతట తానే వంగుతుంది. రబ్బరు బ్యాండ్లతో చుట్టి రాత్రంతా వదిలేసి, పూర్తిగా ఆరాకే జిగురు.

పెన్నా_ఇసుక | బుధవారం, రాత్రి 9:10

జిగురు దగ్గర కూడా బరువు చూసుకోండి. ఎంచి ఎంచి ఆదా చేసిన గ్రాములన్నీ ఫెవికాల్ ధారగా పోసి మళ్లీ ఎక్కించేవాళ్లను చూశాను. తెల్ల జిగురును అగ్గిపుల్లతో పూయండి, కారినది తుడవండి. ఆరాక అది రబ్బరులా ఉండి గరుకు కాగితానికి లొంగదు.

కావలి_గాలిపటం | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:15

అందరికీ ఒక కబురు. కొత్త తోక 41 గ్రాములు. షీటు తూచింది, ఎంచింది అంతా అబ్బాయే, ఆరు తెప్పించి ఒకటి వాడాడు. స్పార్ బద్దల్లో ఒకటి 8 మి.మీ. దిగింది, ఒకటి 13, తక్కినవి 9, 10. ఆ పదమూడుదాన్ని పక్కన పెట్టాం. అన్నీ బిగించి సీజీ చూస్తే సీసం అవసరమే రాలేదు. బ్యాటరీని ఒక వేలెడు ముందుకు జరిపితే సరిపోయింది. పాత విమానం కన్నా మొత్తం మీద 170 గ్రాములు తగ్గింది.

ఇవాళ ఉదయం ఆరింటికి, గాలి లేవకముందే, అదే చేలో ఎగరేశాం. నాలుగు చుట్లు నేను, తర్వాత రెండు చుట్లు వాడు. రెండోసారి దిగేటప్పుడు తోక నేలకు రాసుకుంది. చిన్న సొట్ట పడింది. "చూశావా నాన్నా, నేను చెప్పలేదూ" అన్నాడు. ఒక తడి గుడ్డ, ఇస్త్రీపెట్టె వేడితో సొట్ట లేచిపోయింది.

120 గ్రాముల సీసం మిగిలింది. కొత్తపట్నం అన్నా, కొట్టి చదును చేసేశాను, వలకు పనికొస్తాయా?

కొత్తపట్నం_తెప్ప | ఆదివారం, రాత్రి 8:40

పంపించండి. కరిగించి మళ్లీ గుళ్లు పోసుకుంటాం. మా దగ్గర బరువు ఎక్కువైందని ఎవరూ తిట్టరు.